సగం జవాబు చెప్పని కణం

విభజన మొదలుపెట్టాలా వద్దా అన్న చోట కణానికి సగం జవాబు పనికిరాదు. అయితే ఆ కబురు మోసే ప్రొటీన్ల తీరు వేరు. మామూలు ఎంజైము స్పందన 10 శాతం నుంచి 90 శాతానికి చేరాలంటే సంకేతం ఏకంగా 81 రెట్లు పెరగాలి. ఇంత నిదానమైన భాగాలతో స్విచ్ ఎలా తయారవుతుంది?

1981లో ఆల్బర్ట్ గోల్డ్‌బెటర్, డేనియల్ కోష్‌లాండ్ లెక్క కట్టి ఒక దారి చూపించారు. ఒక ప్రొటీన్‌కి కైనేజ్ ఫాస్ఫేట్ తగిలిస్తుంది, ఫాస్ఫటేజ్ దాన్ని తీసేస్తుంది. ఆ ప్రొటీన్ కుప్పలు తెప్పలుగా ఉండి, రెండు ఎంజైములకీ క్షణం తీరిక లేదనుకోండి. రెండూ గరిష్ఠ వేగంతోనే నడుస్తుంటాయి. ముందున్న సరుకు కొంత తగ్గినా ఆ వేగం తగ్గదు. అందుకే కైనేజ్‌ది కాస్త పైచేయి అయితే చాలు, దాదాపు ప్రొటీన్ అంతా ఫాస్ఫేట్ తగిలించుకునేదాకా ఆట ఆగదు. ప్రత్యేకమైన అణువేదీ అక్కర్లేకుండా, పని ఒత్తిడి ఒక్కటే ఇంత పదును తేవడం నాకు ఇప్పటికీ అబ్బురమే.

ఈ పదునుకి కొలత హిల్ సంఖ్య. అది 1 అయితే పైన చెప్పిన 81 రెట్లు కావాలి. 4 అయితే 3 రెట్లు చాలు. 1996లో హువాంగ్, ఫెరెల్ కప్ప అండాల రసంలో ఒక కైనేజ్ తర్వాతి కైనేజ్‌ని ఉత్తేజపరిచే మ్యాప్ కైనేజ్ గొలుసును పరీక్షిస్తే, చివరి మెట్టైన మ్యాప్ కైనేజ్ దగ్గర హిల్ సంఖ్య సుమారు 5 వచ్చింది.

అసలు విశేషం 1998లో బయటపడింది. కప్ప అండాన్ని పరిపక్వం చేసే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ మోతాదు పెంచుతూ పోతే, అండాలన్నిటి మ్యాప్ కైనేజ్ స్పందన సగటు మెల్లగానే పెరిగింది. ఫెరెల్, మాక్‌లెడర్ ఒక్కో అండాన్నీ విడిగా చూశారు. ప్రతిదీ పూర్తిగా ఆన్, లేదా పూర్తిగా ఆఫ్. మధ్యస్థంగా ఉన్నవి దాదాపు లేవు. సగటు స్విచ్‌ని దాచేసింది! ఒక్కో అండం లోపల హిల్ సంఖ్య కనీసం 42 ఉండాలని వాళ్ల అంచనా.

అంత పదును గొలుసు ఒక్కదానితో రాదు. మ్యాప్ కైనేజ్ తనను ఉత్తేజపరిచే మోస్ అనే ప్రొటీన్‌ని ఇంకా తయారు చేయిస్తుంది. ఇలా తిరిగి తనకే చేరే వలయాన్ని సమీకరణంలో పెడితే రెండు నిలకడైన స్థితులు వస్తాయి. అదే నిజమైతే, ఒకసారి ఆన్ అయ్యాక సంకేతం తీసేసినా కణం వెనక్కి రాకూడదు. 2003లో షియోంగ్, ఫెరెల్ సరిగ్గా అదే చూశారు: హార్మోన్ కడిగేసినా అండాలు ఆన్‌లోనే ఉన్నాయి, ఆ వలయాన్ని అడ్డుకున్నప్పుడు మాత్రం వెనక్కి జారిపోయాయి.