హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్ కారు: మీటర్ చూసి మురిసిపోకండి

హన్మకొండలో నాది కార్ల షెడ్డు. నెలకు రెండు ఆదివారాలన్నా ఎవరో ఒకరు "అన్నా, హైదరాబాద్‌ల బండి చూసిన, జర నువ్వొచ్చి ఓకే అను" అని తీసుకుపోతారు. జనగామ, భువనగిరి దాటి ఉప్పల్ చేరేసరికే కొనేవాళ్ల మనసులో బేరం సగం అయిపోయి ఉంటుంది. ఆ దారి పొడుగునా నేను వినే మాటలివి.

అపోహ: ఆరేండ్ల బండి, 30 వేలే తిరిగింది. కొత్తదాని లెక్కనే.

వాస్తవం: మీటర్ వెనక్కి తిప్పి కిలోమీటర్లు తగ్గించలేదనే అనుకుందాం. సిటీ ట్రాఫిక్‌లో గంటకు 15 కిలోమీటర్లు పోతే గొప్ప. ఆ లెక్కన 30 వేలంటే ఇంజిన్ 2,000 గంటలు తిరిగినట్టు. మన వరంగల్-హైదరాబాద్ రోడ్డు మీద గంటకు 50 సగటున 90 వేలు తిరిగిన బండి ఇంజిన్ నడిచింది 1,800 గంటలే. మీటర్‌లో మూడింతల తేడా ఉన్నా ఇంజిన్‌కు తెలిసింది గంటలే. పైగా సిటీ బండికి క్లచ్ మీద కాలు తీయరు, ఆయిల్ మాత్రం కిలోమీటర్లు చూసి మారుస్తారు. కొత్త పొగ నిబంధనల బీఎస్-6 డీజిల్ అయితే ఇంకో తంటా: చిన్న చిన్న దూరాలే తిరిగితే పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ పూడుకుపోతుంది. నేనైతే హైవే మీద 90 వేలు తిరిగిన బండికే ఓటేస్తా.

ఇక మీటర్ తిప్పితే? బ్రేక్ పెడల్ రబ్బరు అరిగిందేమో చూడండి. డ్రైవర్ సీటుకు కుడి అంచు చూడండి, ఎక్కి దిగేటప్పుడు నలిగేది అదే. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి: 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. మీటర్ 25 వేలంటూ, టైర్లు మాత్రం బండికంటే మూడేండ్లు చిన్నవైతే, పాతవి ఎట్ల అరిగాయో అడగండి. సమాధానం కన్నా అమ్మేవాడి ముఖమే ఎక్కువ చెబుతుంది.

అపోహ: డాక్టర్ గారి బండి, సింగిల్ ఓనర్.

వాస్తవం: అమ్మకానికున్న బండ్లన్నీ డాక్టర్లవే అయితే పేషెంట్లను చూసేదెవరు?

అపోహ: స్టార్ట్ చేసి చూసినం, సూది పడ్డా వినబడేంత మెత్తగా ఉంది ఇంజిన్.

వాస్తవం: నేను పోగానే బానెట్ మీద చెయ్యి పెడతా. వేడిగా ఉంటే "చాయ్ తాగొస్తం" అని పక్కకు జరిగి గంటన్నర కూర్చుంటా. రోగం బయటపడేది చల్లటి ఇంజిన్‌లోనే. మొదటి సెల్ఫ్‌కు నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. ఆయిల్ మూత తిప్పి చూస్తే పాలమీగడలాంటి జిడ్డు బాగా పేరుకుపోయి ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయని అనుమానించాలి.

అపోహ: వరదలో మునిగిన బండైతే వాసనకే తెలుస్తది.

వాస్తవం: షాంపూ వాష్ చేసి సెంటు కొడితే ఏ వాసనా రాదు. ఇందులో నేనే దెబ్బతిన్నా. 2021లో మా బావమరిదికి ఒక కారు ఓకే చేసిన. సీట్లు తళతళా మెరుస్తున్నయి, ఇంజిన్ బాగుంది. మూడు నెలలకు వానలో పవర్ విండో తనంతట తానే దిగింది. కార్పెట్ లేపి చూస్తే కింద మెత్తటి ఒండ్రు, వైరింగ్ కనెక్టర్లకు పచ్చటి చిలుము. 2020 అక్టోబర్ వరదల్లో మునిగిన బండన్నమాట. ఫోన్ చేస్తే అమ్మినాయన "మేం కూడా అట్లనే కొన్నం" అన్నడు. అప్పటి నుంచి సీట్ బెల్టును చివరిదాకా గుంజి చూస్తున్నా. చివరి జానెడు ఎవరూ కడగరు, బురద గీత అక్కడే ఉంటుంది. స్టెప్నీ గుంత, సీట్ల కింద బోల్టులు కూడా చూడాలి. 2023 జూలైలో మన హంటర్ రోడ్డు దిక్కు మునిగింది గుర్తుంది కదా, కాబట్టి "మన ఊరి బండే" అని ధీమా పడొద్దు.

అపోహ: హైదరాబాద్ నంబరు, అదీ టీఎస్. మార్చుకోవాలేమో.

వాస్తవం: అక్కర్లేదు. తెలంగాణ లోపల నంబరు మారదు, లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టనక్కర్లేదు. 2024లో టీజీ వచ్చినా పాత టీఎస్ బండ్లు అట్లనే నడుస్తయి. ఢిల్లీ నుంచి చవగ్గా దిగే డీజిల్ బండ్ల సంగతి వేరు. అక్కడ పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షలుంటయి కాబట్టి అమ్ముతారు. మనం అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకొని, ఇక్కడ మళ్లీ ట్యాక్స్ కట్టాలి.

అపోహ: ఓనరు పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలున్నయి, ఆర్‌సీ తర్వాత చూసుకుందాం.

వాస్తవం: కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్‌సీ మార్పుకు పెట్టుకోవాలి. అమ్మేవాళ్లకూ ఇది ముఖ్యమే: ఆర్‌సీలో ఎవరి పేరుంటే ప్రమాదంలో వాళ్లే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు కనబడితే, అప్పు తీరిందని చెప్పే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి. లేదంటే ఎదుటివాళ్లకు జరిగిన నష్టానికి పనికొస్తుందేమో గానీ మీ బండి బంపర్‌కు పైసా రాదు. నో క్లెయిమ్ బోనస్ అమ్మినాయనదే, అది బండితో రాదు.