అంకుల్ అంటే మొదట మేనమామే

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

నాన్న తమ్ముడిని, అమ్మ అన్నను, పక్కింటి ఆయనను, ఆటో నడిపే మనిషిని కూడా మీరు అంకుల్ అనే పిలుస్తున్నారు. ఆ మాట పుట్టిననాడు వీళ్లందరిలో ఒక్కరికే చెల్లేది.

లాటిన్ భాషలో తాత 'అవుస్'. దాన్నే ముద్దు చేసి 'అవుంకులుస్' అన్నారు, బుల్లి తాత అన్నట్టు. ప్రాచీన రోములో ఆ పేరు అమ్మ సోదరుడికే, అంటే మేనమామకే. తండ్రి అన్నదమ్ములు 'పత్రువుస్'లు. వాళ్లంటే పిల్లలకు హడలు. కవి హొరేస్ పద్యంలో ఒక అమ్మాయి ఆ పెద్దమనిషి తిట్లకే వణికిపోతుంది. మేనత్త 'అమిత', అమ్మ అక్కచెల్లెళ్లు 'మాతెర్తెర'లు.

లాటిన్ నుంచి ఫ్రెంచి రూపుదిద్దుకునేసరికి ఈ నాలుగింటిలో రెండే నిలిచాయి: అవుంకులుస్, అమిత. అవే తర్వాత అంకుల్, ఆంట్ అయ్యాయి. చూశారా, మిగిలినవి సరిగ్గా మేనమామ, మేనత్త! తండ్రి అన్నదమ్ములకు కూడా మేనమామ పేరే దక్కింది.

మరి ఇంగ్లీషుకు సొంత మాటలు లేవా అంటే, నిక్షేపంగా ఉండేవి. నాలుగు చుట్టరికాలకూ నాలుగు పేర్లు. మేనమామ 'ఏఆమ్', తండ్రి సోదరుడు 'ఫెదెర', మేనత్త 'ఫాథు', పిన్ని అయినా పెద్దమ్మ అయినా 'మోద్రియె'. 1066లో ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. దొరల భాష మెల్లగా ఇళ్లలోకి చేరింది. 1300 ప్రాంతానికి అంకుల్ ఇంగ్లీషు మాటే అయిపోయింది, పాతవి ఒక్కొక్కటే రాలిపోయాయి. వాటిలో ఏఆమ్ పోవడం నాకు మరీ బాధ. ఆ మాట పుట్టిన జర్మానిక్ తెగల్లో మేనమామకు ఎంత విలువో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 98లోనే రాశాడు. మేనల్లుడు తండ్రికి ఎంతో మేనమామకూ అంతేనట. సంధి కుదిరినప్పుడు హామీగా కొడుకులకన్నా మేనల్లుళ్లనే పంపమని కొందరు పట్టుబట్టేవారట.

లాటిన్‌లోనూ పాత ఇంగ్లీషులోనూ లేని తేడా ఒకటి మన దగ్గర ఉంది. తండ్రికి అన్న అయితే పెదనాన్న, తమ్ముడైతే బాబాయి; ఎవరు పెద్దో పిలుపులోనే తెలిసిపోతుంది. అందుకని, సెలవులకు వచ్చినప్పుడు బాబాయిని బాబాయి అనే పిలవండి. అంకుల్ అని కేక వేస్తే న్యాయంగా పలకవలసింది మీ మామయ్య ఒక్కడే.

ఇట్లు,
మీ తాతయ్య