మెగావాట్లు చూసి మురిసిపోకండి: జలవిద్యుత్తుపై అపోహలు, వాస్తవాలు

అపోహ: 5,000 మెగావాట్ల ప్రాజెక్టు కడితే 5,000 మెగావాట్ల కరెంటు వస్తుంది.

రాదు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ ఇదే ప్రశ్న! శంకుస్థాపన నాడు చెప్పే అంకె యంత్రాల స్థాపిత సామర్థ్యం, అంటే అన్నీ నిండుగా తిరిగితే ఇవ్వగలిగినంత. ఎన్ని యూనిట్లు వస్తాయో తేల్చేది నదిలో ప్రవాహం, హెడ్ (నీళ్లు పడే ఎత్తు). ఇథియోపియా 2025లో ప్రారంభించిన నైలు నది డ్యామ్ 5,150 మెగావాట్లది. ఏడాదంతా నిండుగా తిరిగితే సుమారు 4,500 కోట్ల యూనిట్లు రావాలి. వేసుకున్న అంచనా మాత్రం దాదాపు 1,570 కోట్లే. బ్రెజిల్‌లోని బెలో మోంటే ప్రాజెక్టు 11,233 మెగావాట్లు, ఏడాది సగటు అంచనా 4,500 మెగావాట్ల దగ్గర. అది ఉన్న షింగు నది చిక్కిపోయే నెలల్లో ఉత్పత్తి వందల మెగావాట్లలోకి పడిపోతుంది. ఇందులో మోసమేమీ లేదు. వరద నీటినీ, పీక్ గంటలనూ (కరెంటు వాడకం బాగా పెరిగే వేళలు) వాడుకోవడానికి యంత్రాలు ఎక్కువ పెడతారు. ఆ పెద్ద అంకెను నమ్మి మిగతా ప్లాంట్లు కట్టకపోవడమే తప్పు. జాంబియా కరెంటులో 80 శాతానికి పైగా నీటిదే. 2024 కరువుకు అక్కడి కరీబా జలాశయం అడుగంటితే జనం రోజులో ఎక్కువ గంటలు చీకట్లో గడిపారు. యంత్రాలు బాగానే ఉన్నాయి, తిప్పడానికి నీళ్లు లేవు.

ఒక ప్రాజెక్టు సమీక్షలో దానికి అప్పు ఇచ్చిన బ్యాంకు పెద్దమనిషి ఎండాకాలపు చార్టు చూసి “ఏ యంత్రం పాడైంది?” అన్నారు. ఏదీ పాడవలేదు సార్, ఈ నెలల్లో నది ఇంతేనన్నాను. నమ్మలేదు. పవర్‌హౌస్‌కి తీసుకెళ్లి, ఆపి ఉంచిన యంత్రాలు చూపించాకే శాంతించారు. మీరు అడగాల్సింది: 90 శాతం డిపెండబుల్ ఏడాదిలో, అంటే పదేళ్లలో తొమ్మిదేళ్లు కనీసం వచ్చే నీటితో, ఎన్ని యూనిట్లు?

అపోహ: కట్టేస్తే చాలు, ఆపై కరెంటు ఉచితం. పూడిక సంగతో? చైనాలో పసుపు నదిపై 1960లో నీళ్లు నింపిన సాన్‌మెన్‌షియా డ్యామ్ కొన్నేళ్లకే పూడిపోతే, ఒండ్రు బయటికి పంపడానికి కొత్త తూములు పెట్టాల్సి వచ్చింది.

అపోహ: హైడ్రో అంటే కాలుష్యమే ఉండదు. అడవిని ముంచితే, నీళ్లలో కుళ్లే చెట్ల నుంచి భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు వస్తుంది. అమెజాన్‌లో బల్బీనా డ్యామ్ 250 మెగావాట్ల కోసం రెండు వేల చదరపు కిలోమీటర్లకు పైగా ముంచింది.

అపోహ: కరెంటు తీసేస్తే నీళ్లలో సత్తువ పోతుంది. ఈ పుకారు పుట్టించేవాళ్ల మీద నాకు ఒళ్లు మండుతుంది, అడిగే రైతు మీద కాదు. టర్బైన్ తీసుకునేది పైనుంచి పడే నీటి వేగాన్నీ ఒత్తిడినీ మాత్రమే. పొలాలకు చేరాల్సిన ఒండ్రు డ్యామ్ దగ్గరే ఆగిపోతుందన్న బెంగ మాత్రం నిజమే. అంతకన్నా పెద్ద భయం, పీక్ టైమ్‌లో టర్బైన్లు మొదలవగానే దిగువన నీటిమట్టం ఒక్కసారిగా పెరగడం. సైరన్ ఎంతదూరం వినిపిస్తుందో, రాత్రిపూట మోగించేదెవరో ప్రాజెక్టు వాళ్లని నిలదీసి అడగండి.