పాత కీబోర్డును అమ్మేసే ముందు ఒక్క మాట

అపోహ: పాత మ్యూజిక్ కీబోర్డు కంప్యూటర్‌తో కలవదు. వచ్చిన ధరకు వదిలించుకుని కొత్తది కొనాల్సిందే.

విజయనగరంలో ఇళ్లలో స్టూడియోలు అమర్చి పెట్టే నాకు వారం తిరక్కుండా ఈ మాట వినబడుతుంది. ఎవరు పుట్టించారో గానీ, పెళ్లిళ్లకూ భజనలకూ వాయించి బతికేవారి చేత వేలకు వేలు తగలేయిస్తోంది.

వాస్తవం: వెనక అయిదు పిన్నుల మిడి (వాయిద్యాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష) సాకెట్ ఉంటే చాలు, ఒక యూఎస్‌బీ మిడి కేబుల్‌తో కలుస్తుంది. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన ప్రదర్శనలో ప్రాఫెట్-600ను, జూపిటర్-6ను మిడితో కలిపి చూపించారు. అవి వేర్వేరు కంపెనీల వాయిద్యాలు. ఆనాడు అవి మాట్లాడుకున్న భాషే నేటి కంప్యూటర్లకూ తెలుసు. 2020లో మిడి 2.0 వచ్చినా పాతదాన్ని వెళ్లగొట్టలేదు.

మరి చాలామందికి ఎందుకు పనిచేయదు? ఆ కేబుల్లో శబ్దం వస్తుందనుకోవడం వల్ల. రాదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురు మాత్రమే వెళుతుంది. 1919 నుంచి సంగీత కళాశాల ఉన్న ఊళ్లో ఇది చెప్పడం తేలికే. స్వరలిపి రాసిన కాగితంలో నాదం ఉండదు, పలకడానికి వీణ కావాలి. మిడి కేబుల్ మోసేది స్వరలిపినే. నాదం కావాలంటే కీబోర్డు శబ్దం బయటికొచ్చే లైన్ అవుట్ నుంచి, ఆ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించే ఆడియో ఇంటర్‌ఫేస్‌కు మరో రెండు కేబుళ్లు వేయాలి, లేదా కంప్యూటర్‌లోని వాయిద్యం చేత పలికించుకోవాలి.

కిందటి దసరాకు ముందు గరివిడి వైపు నుంచి ఒక మాస్టారు తన కీబోర్డును దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చారు. అంతకు ముందు ఏడాది ఆయుధపూజకు పెట్టిన కుంకుమ బొట్టు ఇంకా పవర్ స్విచ్ పక్కన ఉంది. "కంప్యూటర్‌లో వినబడటం లేదు బాబూ. బోర్డు పోయిందన్నారు. ఆరు వేలకు అడుగుతున్నారు, ఇచ్చేయమంటారా?" అన్నారు. సిరిమానోత్సవం కార్యక్రమాలు దగ్గర పడ్డాయి, ఆయనకు నిద్ర లేదు. ఒక మెట్టు నొక్కాను. కేబుల్ మీది చిన్న ఎర్ర దీపం మిణుక్కుమంది. "బోర్డు బాగానే ఉంది మాస్టారూ. కబురు వెళుతోంది, శబ్దానికే దారి వేయలేదు" అన్నాను. ఆడియో కేబుళ్లు పెట్టాక ఆయన హంసధ్వని ఎత్తుకున్నారు. స్పీకర్లలో వినబడగానే ఆపి, తువ్వాలుతో మెట్లన్నీ తుడిచి, మళ్లీ మొదటి నుంచి వాయించారు.

కేబుల్ మీది ఇన్, అవుట్ రాతలను ఒక్కో తయారీదారు ఒక్కో అర్థంలో వాడతారు. పనిచేయకపోతే తారుమారు చేసి చూడండి, ఏదీ కాలిపోదు. స్వరం రెండుసార్లు వినబడితే కీబోర్డులో లోకల్ కంట్రోల్ (మెట్టు నొక్కగానే కీబోర్డు తానే పలికే ఏర్పాటు) ఆపేయండి.

మిడి పాతది కాబట్టి నెమ్మది అన్నదీ తప్పే. ఒక స్వరం కబురు ఒక మిల్లీసెకనులోపే చేరుతుంది. ఆలస్యం కంప్యూటర్‌లోని బఫర్‌ది, అంటే శబ్దాన్ని పలికించే ముందు కొంత కొంతగా పోగేసే చోటిది. సెకనుకు 44,100 శాంపిళ్ల (శబ్దపు ముక్కల) రేటులో బఫర్ 1024 శాంపిళ్లయితే 23 మిల్లీసెకన్లు, 128 అయితే దాదాపు 3.

స్పీకర్లలో హమ్ (గుయ్యిమనే మోత) వస్తే ప్లగ్గు ఎర్త్ పిన్ను తీసేయమనే సలహా వింటే మాత్రం ఒళ్లు మండుతుంది. అది ప్రాణం కాపాడే పిన్ను, దాని జోలికి పోకండి. ముందు లాప్‌టాప్ చార్జర్ తీసి చూడండి. హమ్ ఆగితే అది చాలావరకు గ్రౌండ్ లూపే, అంటే పరికరాల ఎర్త్‌లు ఒకటికి మించిన దారుల్లో కలవడమే. అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. అప్పటికీ తగ్గకపోతే ఆడియో కేబుల్ దారిలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (తీగల సంబంధం తెంచి శబ్దాన్ని మాత్రం పంపేది) పెట్టాలి.

కీబోర్డులో దాచుకున్న టోన్లు (మీరు అమర్చుకున్న వాయిద్యాల గొంతులు) చెరిగిపోయాయంటే కీబోర్డు పోయిందని కాదు. చాలా పాతవాటి లోపల సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఉంటుంది, అది అయిపోయి ఉంటుంది. కొన్నింటిలో సోల్డర్ చేసి ఉంటుంది కాబట్టి చేతనైనవారి చేతే మార్పించండి. అంతకంటే ముందు, టోన్లు ఇంకా ఉండగానే, మిడి ద్వారా సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ డంప్ (లోపలి టోన్ల నకలు) తీసి కంప్యూటర్‌లో భద్రపరచండి. మాస్టారివి ఆ సాయంత్రమే భద్రపరిచి, ఆ తర్వాతే మూత విప్పాను.