పొలమారని ముద్ద

అన్నం తింటుంటే ఎవరికైనా పొలమారితే నడినెత్తిన చిన్నగా తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు" అనడం మన ఇళ్లలో మామూలే. మా నాయనకు పక్షవాతం వచ్చి ఇంటికి తెచ్చాక పూటకు నాలుగైదుసార్లు పొలమారేది. "హైదరాబాదులో చిన్నోడు తలుచుకుంటున్నట్టుంది" అని మా అమ్మ మొదట్లో నవ్వింది. వారం తిరిగేసరికి ఆ నవ్వు పోయింది. గ్లాసు చేతికిస్తే చాలు, ఆమెకు టెన్షన్.

ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కాగితంలో మందుల గురించి పేజీన్నర ఉంది. తిండి గురించి రెండే మాటలు: "మెత్తటి ఆహారం". ఆ రెండు మాటలకు మాకు తోచిన అర్థం అన్నం, పప్పు, బీరకాయ కూర, మజ్జిగ అన్నీ మిక్సీలో వేసి తిప్పడం. పేషెంటు కదా అని ఉప్పూ కారం కూడా తగ్గించాం. రెండు చెంచాలు తిని నాయన గిన్నె పక్కకు నెట్టేశాడు. "ఏందిది, గోడకు పూసేదా?" మాట ఇంకా ముద్దగానే వస్తోంది గానీ ఆ ప్రశ్న మాత్రం కోవూరంతా వినపడేంత స్పష్టంగా వచ్చింది.

ఆయన అన్నది నిజమే. గోడకు పూసేదానికీ ఆ గిన్నెలో ఉన్నదానికీ సైన్సు లెక్కన పెద్ద తేడా లేదు. అది తర్వాత చెబుతాను.

ముందు గుటక సంగతి. మీ గొంతు మధ్యలో చేతికి తగిలే ముడి మీద వేలు పెట్టి ఒక్కసారి గుటక వేయండి. ఆ ముడి పైకి లేచి మళ్లీ దిగుతుంది. అదే స్వరపేటిక. అది లేచిన సెకను లోపలే చాలా పనులు జరిగిపోతాయి. ఊపిరి ఆగుతుంది. స్వరతంత్రులు దగ్గరికి మూసుకుంటాయి. వాటి పైన ఎపిగ్లాటిస్ అనే మూత వాలుతుంది. వెనకాల అన్నవాహిక మొదట్లో ఎప్పుడూ బిగిసి ఉండే కండరం ఆ ఒక్క క్షణం వదులై ముద్దను లోపలికి వదులుతుంది. ముప్ఫై జతల దాకా కండరాలు, మెదడు నుంచి నేరుగా వచ్చే ఐదు జతల నరాలు వరస తప్పకుండా పనిచేస్తేనే ఇదంతా జరుగుతుంది. గాలీ అన్నమూ గొంతు దగ్గర ఒకే కూడలి దాటాలి. రైలు వచ్చేలోపు గేటు పడాలి, అంతే. పక్షవాతం వచ్చిన కొత్తలో దాదాపు సగం మందికి ఆ గేటు ఆలస్యంగా పడుతుంది, లేదా సగమే పడుతుంది. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పార్కిన్సన్స్, మతిమరుపు లాంటి జబ్బులున్నవాళ్లలో, గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్లలో మాత్రం అది నెలలు, ఏళ్లు వెంట ఉండొచ్చు.

గేటు ఆలస్యమైనప్పుడు ఎక్కువ ప్రమాదం దేనితో? గట్టి అన్నంతో అనుకుంటాం. మా ఇంట్లోనూ అదే అనుకుని, పొలమారగానే నీళ్లు తాగించేవాళ్లం. నిజానికి అన్నిటికన్నా వేగంగా జారేవి నీళ్లే. గేటు పడకముందే అవి కూడలి దాటేస్తాయి. ఇంకో తిరకాసు రసం అన్నం. నోరు మెతుకులు నములుతూ ఉండగానే రసం వాటికన్నా ముందు గొంతులోకి దిగిపోతుంది. పాలలో ముంచిన రస్కు, పల్చటి సాంబారులో ఇడ్లీ, నీళ్ల మజ్జిగ పోసిన అన్నం, అన్నీ ఇదే కోవ. మనకు తేలిగ్గా జారేవనిపించేవే ఆ గొంతుకు కష్టం.

పరామర్శకు వచ్చేవాళ్లు తెచ్చే బ్రెడ్డు ప్యాకెట్టు గురించి కూడా చెప్పాలి. జ్వరం వచ్చినా, కాలు విరిగినా, పక్షవాతం వచ్చినా మనవాళ్లు బ్రెడ్డే తెస్తారు. అది నోట్లో ఉమ్మి పీల్చుకుని బంకముద్దలా మారి అంగిట్లో అతుక్కుంటుంది. మింగలేనివాళ్లకు పెట్టకూడనివాటిలో అది ముందు వరసలో ఉంటుంది. మా ఇంట్లో ఆ నెల పోగైన బ్రెడ్డంతా వీధి కుక్కలకు పండగైంది.

దగ్గు వస్తే మంచిదే, ఊపిరితిత్తుల వైపు పోయినదాన్ని ఒళ్లు బయటకు నెడుతోందన్న మాట. కొందరికి గొంతులో స్పర్శ కూడా తగ్గి, తిండి దారి తప్పినా దగ్గే రాదు. పొలమారకుండానే పొలమారడం. తిన్నాక గొంతు తడిగా గురగురలాడటం, కారణం తెలియని జ్వరం, తిండికి గంటసేపు పట్టడం, బరువు తగ్గడం, చచ్చుబడిన వైపు బుగ్గలో మెతుకులు మిగిలిపోవడం గమనిస్తే ఇక ఆలస్యం చేయకూడదు. చూడాల్సింది స్పీచ్ థెరపిస్టు. పేరు చూసి మాట నేర్పేవాళ్లే అనుకుంటాం గానీ, మింగడం కూడా వాళ్ల చదువులో భాగమే. ఎక్స్‌రేలో కనబడే బేరియం అనే పదార్థం కలిపిన ముద్ద మింగిస్తూ ఎక్స్‌రే వీడియో తీసో, ముక్కులోంచి సన్నటి కెమెరా పంపో గేటు ఎక్కడ తడబడుతోందో చూస్తారు.

మాకు ఆ థెరపిస్టు మొదట చెప్పింది, "మెత్తగా అంటే ఎంత మెత్తగా అనేది కొలవాలి" అని. అమ్మకు ఇది వెంటనే అర్థమైంది. ఆమె లేతపాకానికీ తీగపాకానికీ ఉండపాకానికీ తేడా వేలి కొసన చెప్పగలదు. ఒక్క పదును తప్పితే అరిసె ఎలా విరిగిపోతుందో తెలిసినామె. తిండి పదునుకు కూడా అలాంటి మెట్లే పెట్టి, 2015లో వేర్వేరు దేశాల నిపుణులు ఒక కొలత ఖాయం చేశారు. దాన్ని ఐడీడీఎస్ఐ అంటారు. సున్నా నుంచి ఏడు దాకా మెట్లు. సున్నా అంటే మామూలు నీళ్లు, ఏడు అంటే మామూలు భోజనం. మధ్యలో నాలుగు అంటే నమలక్కర్లేని నున్నటి గుజ్జు. ఐదులో పెద్దవాళ్లకు ముక్క 4 మిల్లీమీటర్లు దాటకూడదు. ఆరులో ఒకటిన్నర సెంటీమీటరు దాకా ఉండొచ్చు గానీ వేళ్ల మధ్య నొక్కితే చితికిపోవాలి, తిరిగి లేవకూడదు. ఫోర్కులు లేని ఇళ్లకు వేళ్లతో నొక్కి చూసే పరీక్ష కూడా అందులో ఉంది. మనం మెతుకు పట్టి చూడటం లాంటిదే.

ద్రవాలకు ఇంకా తమాషా అయిన పరీక్ష ఉంది. సూది లేని 10 మి.లీ. సిరంజి కావాలి. దాని మీద సున్నా గీత నుంచి పది గీత దాకా పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉండాలి, అన్ని కంపెనీలవీ ఒకేలా ఉండవు కాబట్టి స్కేలు పెట్టి చూసుకోవాలి. లోపలి కడ్డీ తీసేసి, కింద వేలు మూసి, పది దాకా పోసి, సరిగ్గా పది సెకన్లు వదిలి మళ్లీ మూయాలి. ఏమీ మిగలకపోతే, లేదా 1 మి.లీ. కన్నా తక్కువ మిగిలితే అది నీళ్లతో సమానం. 1 నుంచి 4 మిగిలితే మొదటి మెట్టు, 4 నుంచి 8 అయితే రెండు, 8 దాటితే మూడు. అసలు కారకపోతే నాలుగు.

నాయనకు రెండో మెట్టు చెప్పారు. అమ్మ రాగిజావ కాచింది. పొయ్యి మీంచి దించి ఆవిరి తగ్గాక సిరంజిలో పోస్తే పది సెకన్లకు మూడు చిల్లర మిగిలింది. పల్చన. అరగంట ఆగి అదే జావ మళ్లీ పోస్తే ఎనిమిది దాటింది. ఒకే గిన్నె, ఒకే జావ, రెండు మెట్ల తేడా. పిండి ఉడికినప్పుడు అందులోని కంటికి కనబడనంత చిన్న గింజలు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి, లోపలి పొడవాటి పిండి గొలుసులు బయటికొస్తాయి. చల్లారేకొద్దీ అవి ఒకదానికొకటి చుట్టుకుని వల అల్లుకుంటాయి. అందుకే కాచినప్పటి పదును చూసి లాభం లేదు, తాగేటప్పటి వేడిలోనే చూడాలి.

మరో వింత ఆ వారమే కనబడింది. సరిగ్గా కుదిరిన జావ, సగం తాగేలోపు నీళ్లలా అయిపోయేది. మళ్లీ పొలమారేది. దోషం చెంచాది. నోట్లో పెట్టిన చెంచానే మళ్లీ గిన్నెలో ముంచుతున్నాం. ఉమ్మిలో అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. పిండి గొలుసులను ముక్కలు చేయడమే దాని పని. రెండు మూడు ఎంగిలి చెంచాలు చాలు, వల తెగి జావ పల్చబడటానికి. ఎంగిలి కలపకూడదని మా జేజి తిడుతుంటే చాదస్తం అనుకునేవాణ్ని. ఇప్పుడు కొద్దికొద్దిగా చిన్న గిన్నెలోకి తీసి పెడుతున్నాం. మందుల షాపులో దొరికే చిక్కదనపు పొడుల్లో జాంథన్ గమ్ ఉన్నవి అయితే ఉమ్మికి లొంగవు. క్యాబేజీ ఆకులను నల్లగా కుళ్లబెట్టే ఒక బ్యాక్టీరియా తయారుచేసే జిగురు అది. మొక్కకు తెగులు, మనిషికి మేలు. చిక్కటి నీళ్లు తాగితే దాహం తీరినట్టుండదని చాలామంది తాగడమే తగ్గిస్తారు, ఒంట్లో నీరు తగ్గుతుంది. అందుకే ఎంత చిక్కదనం, ఎన్నాళ్లు అనేది సొంతంగా తేల్చుకోకూడదు.

ఇక గోడకు పూసే ముద్ద సంగతి. ఉడికిన అన్నాన్ని మిక్సీలో ఎక్కువసేపు తిప్పితే పిండి గింజలు చిట్లి గొలుసులన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. మెత్తదనం బదులు జిగురు వస్తుంది. కాగితాలు అంటించే మైదా ఉడుకుపిండి ఇలాంటిదే. నెల్లూరు వాళ్లకు పాత మొలగొలుకులంటే ప్రాణం, మెతుక్కి మెతుకు అంటకూడదు. మింగలేని గొంతుకు విడివిడి మెతుకులూ ఇబ్బందే, కొత్తబియ్యపు అంటుముద్దా ఇబ్బందే. మాకు కుదిరిన దారి ఇది: బియ్యంలో పెసరపప్పు వేసి, మామూలుకన్నా రెండింతల నీళ్లతో జారుగా ఉడికించి, వేడి మీదే పప్పుగుత్తితో ఎనిపి, నెయ్యి కలిపి, జల్లెడలో రుద్దడం. చెంచాలోకి తీస్తే ఆకారం నిలవాలి, చెంచా వాలిస్తే అంటుకోకుండా జారిపడాలి. సంగటి అడిగాడు నాయన. అది మాత్రం కుదరదన్నారు. నమలకుండా మింగే ముద్ద, పైగా బంక. జపాన్‌లో ఏటా కొత్త సంవత్సరం రోజుల్లో మోచి అనే బియ్యపుముద్ద గొంతుకు అడ్డంపడి ముసలివాళ్లు చనిపోతుంటారు. మన సంగటి దానికి దూరపు చుట్టమే.

నీళ్లు పోసి గుజ్జు చేసిన ప్రతిసారీ గిన్నె నిండుతుంది గానీ బలం పలచబడుతుంది. నీళ్ల బదులు పాలు, పప్పుకట్టు పోయడం మేలు. చెంచా నెయ్యికి 40 కేలరీలకు పైగా వస్తాయి. ఒక గుడ్డులో 6 గ్రాముల ప్రోటీన్. పాలలో గిలక్కొట్టి ఆవిరి మీద ఉడికిస్తే జున్నులా వస్తుంది. 60 కిలోల మనిషికి రోజుకు కనీసం 50 గ్రాముల ప్రోటీన్ కావాలి, కాబట్టి ఉత్తి జావలతో బండి నడవదు. రాగుల్లో కాల్షియం మాత్రం పుష్కలం, 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది కారం. మిరప మంటకు మూలం క్యాప్సైసిన్. అది వేడిని పసిగట్టే గ్రాహకాన్నే తట్టి లేపుతుంది, అందుకే నిప్పు తగలకపోయినా నోరు మండుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అంతకు ముందే 1993లో జపాన్ పరిశోధకులు, మింగడం మందగించిన ముసలివాళ్ల గొంతులో అతి కొద్దిగా క్యాప్సైసిన్ కలిపిన నీళ్లు వదిలితే గుటక త్వరగా పడిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. పుల్లటి ముద్దకు గుటక తొందరగా మొదలవుతుందని మరికొన్ని పరిశీలనలు చెప్పాయి. చప్పిడి గుజ్జు గొంతుకు ఏ కబురూ పంపదు. పులుపూ కారమూ అయితే ముద్ద వస్తోందని ముందే గేటుకు చెబుతాయి. అలాగని చెంచాడు గొడ్డుకారం నోట్లో వేయమని కాదు. రేడియేషన్‌తో నోరు పుండైనవాళ్లకు, ఛాతీమంట ఉన్నవాళ్లకు అది పనికిరాదు. పొడికారాలు, కందిపొడి లాంటివి పొడిగా పెడితే ఎవరికైనా పొలమారుతుంది.

ఈ మాట విన్నాక అమ్మ ఆగలేదు. ఆదివారం సట్టిలో చేపల పులుసు పెట్టింది. కొర్రమీను తెప్పించింది, ముళ్లు తక్కువని. తాలింపు విడిగా వేసి, ఆవాలు, మెంతులు, కరివేపాకు అన్నీ వడకట్టి నూనె మాత్రం పులుసులో కలిపింది. వాసనలు నూనెలో బాగా కరుగుతాయి, గింజ పోయినా ఘుమఘుమ ఉంటుంది. చేప కండను వేళ్లతో మూడుసార్లు తడిమి ముల్లు లేదని నిర్ధారించుకుని, వడకట్టిన పులుసు కొంచెం పోసి మెత్తగా నూరింది. మిగతా పులుసును చిక్కబరిచింది. అన్నం గుజ్జు ఒక పక్క, చేప ఒక పక్క, పులుసు మధ్యలో, మూడూ కలపకుండా. నాయనను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టాం. టీవీ కట్టేశాం, ఎవరూ పలకరించలేదు. చిన్న చెంచాతో ఒక్కో ముద్దకు రెండేసి గుటకలు. తిన్నాక అరగంట దాకా పడుకోనివ్వలేదు. బ్రష్షుతో పళ్లు, నాలుక తోమించాం. నోట్లో పెరిగే బ్యాక్టీరియా ఉమ్మితో పాటు ఊపిరితిత్తుల్లోకి దిగితేనే న్యుమోనియా తెస్తుంది కాబట్టి, ఈ ఇంట్లో ఇప్పుడు మందుబిళ్ల కన్నా బ్రష్షుకే పట్టింపు ఎక్కువ.

పొలమారలేదు. "ఉప్పు రవ్వంత తగ్గింది" అన్నాడు.

పులుసులో మామిడికాయ ముక్క మాత్రం ఇంకా ఇవ్వడం లేదు, పీచు. ప్రతి ఆదివారం ఆయన సట్టిలోకి తొంగి చూస్తాడు. అమ్మ ఒక ముక్క తీసి టీ జల్లెడ మీద గంటెతో రుద్ది, కిందికి దిగిన గుజ్జును గిన్నె అంచున పెడుతుంది. టెంక ఆమె చీకుతుంది, ఆయనకు కనబడకుండా వంటింట్లోకి పోయి.