ఎర్రచెవి తాబేలు కొంటామంటున్న పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

నాగపూర్ పోయినా హైదరాబాద్ పోయినా అక్వేరియం దుకాణంలో ఆ పచ్చ తాబేలు పిల్ల దగ్గరే ఆగిపోతున్నారట. రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దగా ఉండి, కళ్ళ వెనక ఎర్ర పట్టీ ఉంటుంది కదా, అదే ఎర్రచెవి తాబేలు. దాని పుట్టిల్లు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతం.

ఆడదైతే దాని చిప్ప 25 నుంచి 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. బాగా సాకితే 20, 30 ఏళ్ళు బతుకుతుంది. మీకు పెళ్ళిళ్ళయి పిల్లలు పుట్టాక కూడా దాని తొట్టి కడుగుతూ ఉండాలన్నమాట. చిప్ప పొడవులో ఒక్కో సెంటీమీటరుకు సుమారు 15 లీటర్ల నీళ్ళు లెక్కేసుకోండి. పెద్దయ్యాక 400 లీటర్లు కావాలి. దుకాణం వాడిచ్చే గాజు గిన్నెలో రెండు లీటర్లు పట్టడమే కష్టం.

ఎండ సంగతి ఇంకా ముఖ్యం. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒంటికి తగిలితేనే తాబేలుకు డి విటమిన్ తయారవుతుంది, అది ఉంటేనే తిన్న కాల్షియం ఒంటబడుతుంది. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. వెలుతురు పడుతోంది కదా అని మనం అనుకుంటాం, అక్కడ చిప్ప మాత్రం వేలితో నొక్కితే లోపలికి పోయేంత మెత్తబడుతుంది. ఆ కిరణాలిచ్చే యూవీబీ దీపం పెట్టినా 6 నుంచి 12 నెలల్లో దాని కిరణాలు తగ్గిపోతాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఎండు రొయ్యలే వేస్తూ పోతే విటమిన్-ఎ చాలక కనురెప్పలు వాచి మూసుకుపోతాయి, కనబడక తిండి మానేస్తుంది. ఇదంతా ముద్దు చేసేవాళ్ళ ఇళ్ళలోనే జరుగుతుంది, అందుకే నాకు కోపం కన్నా బాధ ఎక్కువ.

విసుగొచ్చాక పుణ్యమని ప్రాణహితలో వదులుతారు. అది ఇంకా పెద్ద తప్పు. నదిలో అది చావదు, అదే చిక్కు. తిండికీ, ఎండ కాచుకునే బండలకూ మన తాబేళ్ళతో పోటీకొస్తుంది, రోగాలు అంటిస్తుంది. గోదావరిలో ఉండే లీత్ మెత్తచిప్ప తాబేలు ఇప్పటికే అంతరించే అంచున ఉంది. యూరోపియన్ యూనియన్ 1997లోనే ఎర్రచెవి తాబేలు దిగుమతిని ఆపేసింది.

మన నది తాబేలునో నక్షత్ర తాబేలునో తెచ్చుకుందామని మాత్రం అనుకోకండి. నక్షత్ర తాబేలును ఇంట్లో పెట్టుకుంటే 1972 వన్యప్రాణి చట్టం కింద 3 నుంచి 7 ఏళ్ళ జైలు. వాస్తు కోసమైతే ఇత్తడిది చాలు.

ఇప్పటికే ఇంట్లో ఎర్రచెవి తాబేలు ఉన్నవాళ్ళు పెరట్లో పెద్ద సిమెంటు తొట్టి కట్టించండి. ఒక పక్క ఇటుకలు కదలకుండా మెట్టులా పేర్చి, పైది పొడిగా నీళ్ళపైకి వచ్చేలా చూడండి. పొద్దుటి ఎండ నేరుగా పడాలి, సగం తొట్టికి నీడ ఉండాలి. మన సిరోంచ మే ఎండకు నీడ లేని చిన్న టబ్బులో నీళ్ళు మధ్యాహ్నానికే కాగిపోతాయి, తాబేలు చచ్చిపోతుంది. కుక్కలు, కాకులు రాకుండా పైన జాలీ వెయ్యండి. పెద్దదానికి ఆకుకూరలే ఎక్కువ పెట్టండి.

దాని ఒంటిమీద సాల్మొనెల్లా క్రిములుంటాయి. పిల్లలకు జబ్బు చేస్తోందనే అమెరికాలో 1975లో 10 సెంటీమీటర్ల లోపు తాబేళ్ళ అమ్మకం నిషేధించారు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి, తొట్టి నీళ్ళు వంటింటి సింకులో పొయ్యకండి, అయిదేళ్ళలోపు వాళ్ళను ముట్టనివ్వకండి.

సాకలేమనిపిస్తే అటవీ శాఖ ఆఫీసుకు పోయి అడగండి. వాళ్ళు దారి చూపేదాకా తొట్టి, తిండి మీ బాధ్యతే.

ఇట్లు,
మీ పెద్దబాపు
సిరోంచ