చింతపండు, ఉప్పుగాలి, గరివిడి నల్లరాయి

మా అమ్మ చింతపండుతో తోమితే ఇత్తడి బిందె పది నిమిషాల్లో తళతళలాడేది. నేను తోమబోతే ఎర్రబడింది. పోయిన సంక్రాంతికి శ్రీకాకుళం దగ్గర మా ఊరెళ్లినప్పటి సంగతి ఇది. అటక మీంచి దించిన బిందె, ఇత్తడి పనికి పేరున్న బుడితి ఊళ్లో చేసింది, ఒళ్లంతా నల్లగా, మెడ దగ్గర ఆకుపచ్చ చిలుముతో ఉంది. రుద్దే ఓపిక లేక చింతపండు గుజ్జులో గుప్పెడు ఉప్పేసి, టబ్బు నిండా నీళ్లు కలిపి బిందెని రాత్రంతా నానబెట్టేశాను. తెల్లారి చూస్తే చిలుము పోయింది. దాంతోపాటు పసుపు రంగూ పోయి, అక్కడక్కడ రాగి చెంబులాంటి ఎరుపు తేలింది.

"నానబెట్టకూడదురా, తోమాలి. నానితే ఎర్రబడిపోద్ది" అంది అమ్మ. ఎందుకని అడిగితే, "ఏటో, మా అమ్మ అలాగే చెప్పింది" అంది.

అమ్మమ్మ చెప్పింది అక్షరాలా నిజం. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన మిశ్రమ లోహం. చిలుము అంటే గాలిలోని ఆక్సిజన్, తేమ, కార్బన్ డయాక్సైడ్‌లతో రాగి కలిసి ఏర్పడిన పొర. చింతపండులో పుష్కలంగా ఉండే టార్టారిక్ ఆమ్లం ఆ పొరని కరిగించి నీళ్లలోకి లాగేస్తుంది. పది నిమిషాలైతే పని అక్కడితో సరి. రాత్రంతా ఉంచితే పులుపు పొరని దాటి లోహం మీద పడుతుంది. అప్పుడు రాగి మొండికేస్తుంది గానీ జింకు లొంగిపోతుంది. జింకు కరిగిపోయిన చోట పైన మిగిలేది రాగి. నేను చూసిన ఎరుపు అదే.

ఒకే బిందెలో ఉన్న రెండు లోహాలకి ఎందుకింత తేడా? లోహాల కథంతా ఈ ప్రశ్నలోనే ఉందని నాకనిపిస్తుంది. ప్రతి లోహానికీ తన ఎలక్ట్రాన్లు వదులుకుని వేరే మూలకంతో, ముఖ్యంగా ఆక్సిజన్‌తో కలవాలనే మోజు ఎంతో కొంత ఉంటుంది. ఆ మోజు ఎక్కువున్న వాటి నుంచి తక్కువున్న వాటి దాకా వరసపెడితే మెగ్నీషియం, అల్యూమినియం, మాంగనీస్, జింకు, ఇనుము, తగరం, సీసం, రాగి, వెండి, బంగారం. బడిలో ఈ పట్టికని బట్టీ పట్టించారు తప్ప, ఇది మా వంటింట్లో, పెరట్లో, చీపురుపల్లి వైపు గనుల్లో ఉందని ఎవరూ చెప్పలేదు.

వరసలో కింద ఉన్నా రాగి పూర్తిగా అమాయకురాలేం కాదు. గాలి తగులుతుంటే పులుపు దాన్ని కూడా మెల్లగా కరిగిస్తుంది. అందుకే కళాయి (లోపలి తగరం పూత) లేని ఇత్తడి గిన్నెలో చారు కాస్తే చిలుమెక్కేది. నా చిన్నప్పుడు కళాయి వేసే ఆయన వీధి చివర కొలిమి పెట్టుకునేవాడు. ఎర్రగా కాలిన గిన్నెలో నవాసారం (అమ్మోనియం క్లోరైడ్) చల్లగానే ముక్కు మండించే తెల్లటి పొగ లేచేది. ఆ వేడికి నవాసారం అమ్మోనియాగా, హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా విడిపోతుంది. ఆ ఆమ్లం లోహం మీది మకిలిని తినేసి శుభ్రమైన రాగిని బయటపెడుతుంది. వెంటనే తగరం ముక్క తగిలిస్తే 232 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి క్షణాల్లో పారుతుంది. ఆయన దూదితో ఒక్క తిప్పు తిప్పేవాడు, గిన్నె లోపలంతా వెన్నెల పరిచినట్టయ్యేది. పులుపుతో తగరానికి పెద్దగా గొడవ లేదు.

అదే తగరాన్ని పైన పూయకుండా రాగిలో కరిగించి కలిపితే కంచు. గంటలు పోసే కంచులో సుమారు 78 పాళ్లు రాగి, 22 పాళ్లు తగరం ఉంటాయి. విడిగా రెండూ మెత్తని లోహాలే. కలిస్తే గట్టిపడతాయి, కొట్టినప్పుడు పుట్టే కంపనం తొందరగా చల్లారదు, గంట మోగుతూనే ఉంటుంది. బుడితి వాళ్లకి ఇత్తడీ తెలుసు, కంచూ తెలుసు. వాళ్ల పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇక ఇనుము. కళింగపట్నం తీరం వెంబడి ఇళ్ల కిటికీ ఊచలు చూడండి. లోపలి ఊళ్లలో ఏళ్ల తరబడి నిలిచే ఊచ ఇక్కడ పొరలు పొరలుగా రాలుతుంది. తుప్పు పట్టడానికి నీరూ కావాలి, ఆక్సిజనూ కావాలి. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు ఈ రెండింటి పని సులువు చేస్తుంది. ఊచ మీద ఒక చోట ఇనుము ఎలక్ట్రాన్లు వదులుతుంది, మరో చోట ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. ఈ రెండు చోట్లనీ కలిపే చెమ్మ ఉప్పగా ఉంటే అందులోంచి విద్యుత్తు హాయిగా పారుతుంది. పైగా ఉప్పు తేమని పట్టి ఉంచుతుంది కాబట్టి ఊచ ఆరదు. తుప్పు, తాను తినేసిన ఇనుము కంటే రెట్టింపుకి పైగా చోటు ఆక్రమిస్తుంది. తీరం ఇళ్లలో శ్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడేది అందుకే. లోపల చువ్వ ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది.

వరస ప్రకారం అల్యూమినియం ఇనుము కంటే ముందే నాశనం కావాలి. కాదు. దాని మీద క్షణాల్లో ఏర్పడే ఆక్సైడ్ పొర వెంట్రుక మందంలో పదివేల వంతు కూడా ఉండదు గానీ, లోహాన్ని అంటిపెట్టుకుని గాలిని లోపలికి రానివ్వదు. తుప్పులా రాలిపోదు. కానీ సత్తు గిన్నెలో సున్నం మాత్రం కలపకండి. ఆ పొర కరిగిపోయి బుడబుడమని హైడ్రోజన్ బయటికొస్తుంది, గిన్నె పల్చబడుతుంది.

జింకు గొప్పదనం నాకు డబ్బు పోగొట్టుకున్నాక తెలిసింది. పెరట్లో బోరు నుంచి వచ్చే జీఐ పైపుకి ఖరీదైన ఇత్తడి ట్యాపు పెట్టించాను. మూడేళ్లు తిరక్కుండా ట్యాపు ఊడి చేతికొచ్చింది. ట్యాపు కొత్తదానిలానే ఉంది. దాన్ని బిగించిన చోట పైపు మరలు మట్టిలా పొడిపొడిగా రాలాయి. ప్లంబర్ చూసి, "ట్యాపుకేం కాలేదు సార్, పైపే పోయింది" అన్నాడు. పైపు నాసిరకమని ఇద్దరం తిట్టుకున్నాం. తప్పు పైపుది కాదు, జంట కుదర్చడంలో ఉంది.

జీఐ పైపు అంటే కరిగిన జింకులో ముంచి తీసిన ఇనుము. వరసలో జింకు ఇనుము కంటే ముందుంది కాబట్టి, చెమ్మ తగిలినప్పుడు ఇనుముకి బదులు తానే కరుగుతుంది. చిన్న గీత పడి ఇనుము బయటపడినా పక్కనున్న జింకు దాన్ని కాస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా జిల్లాని ఊడ్చేశాక వేసుకున్న కొత్త రేకులు గీతలు పడినా వెంటనే తుప్పు పట్టకపోవడానికి కారణం ఇదే. కానీ అదే పైపుకి ఇత్తడి తగిలిస్తే లెక్క మారుతుంది. ఇత్తడిలో ఎక్కువ పాలు రాగి. వరసలో దూరంగా ఉన్న రెండు లోహాలు ఒకదాన్నొకటి తాకుతూ, మధ్యలో ఉప్పుబారిన బోరు నీళ్లుంటే అదొక బ్యాటరీ. అందులో ముందున్న లోహం వేగంగా అరిగిపోతుంది. ముందు జింకు, ఆ తర్వాత దాని కింది ఇనుము. ఇప్పుడు రెండింటికీ మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టించాను. రెండు లోహాలూ తాకవు, విద్యుత్తుకి దారి లేదు.

అది బ్యాటరీ అని ఊరికే అనలేదు. పాత టార్చిలైటు బ్యాటరీని కోసి చూసిన పిల్లలకి తెలుసు. పైన డబ్బా జింకుది, నడుమ కార్బన్ పుల్ల, చుట్టూ చేతికంటుకునే నల్లటి ముద్ద. జింకు కరుగుతూ ఎలక్ట్రాన్లు వదులుతుంది, బల్బులోంచి తిరిగొచ్చిన వాటిని నల్ల ముద్ద అందుకుంటుంది. వాడేసిన బ్యాటరీ కారిపోవడానికి కారణం డబ్బాకి చిల్లులు పడేంతగా జింకు ఖర్చయిపోవడమే. ఆ నల్ల ముద్ద మాంగనీస్ డయాక్సైడ్.

మాంగనీస్ అనగానే మా పక్క జిల్లా విజయనగరం వాళ్ల మొహం వెలుగుతుంది, వెలగాలి కూడా. మన దేశంలో మాంగనీస్ ఖనిజం తవ్వకం 1892లో ఇక్కడి కోడూరులోనే మొదలైంది. ఇక్కడి రాతికి కోడూరు పేరు మీదే కోడూరైట్ అని భూగర్భ శాస్త్రంలో పేరు పెట్టారు. గర్భాంలో ఇప్పటికీ విశాఖ ఉక్కు కర్మాగారానికి మాంగనీస్ గని ఉంది. చేతిలోకి తీసుకుంటే ఆ రాయి దాని సైజుకి మించి బరువుంటుంది, వేళ్లకి మసి అంటుతుంది.

చీపురుపల్లి పక్కనున్న గరివిడి పేరు ఫెర్రోమాంగనీస్‌తో, అంటే ఇనుము, మాంగనీస్ కలిసిన మిశ్రమ లోహంతో, ముడిపడింది. రాతి నుంచి లోహాన్ని విడదీయడమంటే తుప్పుని వెనక్కి నడిపించడం. బొగ్గులోని కార్బన్ ఆక్సిజన్‌ని లాక్కుని వాయువై పోతుంది. తగరం లాంటివి బొగ్గు మంటకే ఆక్సిజన్‌ని వదిలేస్తాయి. మాంగనీస్ మోజు గట్టిది కాబట్టి కరెంటు కొలిమిలో చాలా ఎక్కువ వేడి కావాలి. అందుకే ఈ పరిశ్రమ బతుకు కరెంటు ధర మీద ఆధారపడి ఉంటుంది. అల్యూమినియానికైతే బొగ్గుతో వేడి చేస్తే చాలదు, కరిగిన లవణంలో విద్యుత్తుతోనే విడదీయాలి. 1886లో ఆ దారి దొరికే దాకా అది విలువైన లోహమే.

ఇంత కష్టపడి తీసిన మాంగనీస్ దేనికి? ఎక్కువ భాగం ఉక్కుకే. 1856లో హెన్రీ బెస్సిమర్ చవగ్గా ఉక్కు చేసే పద్ధతి ప్రకటించాడు గానీ, చాలాచోట్ల అది సుత్తి దెబ్బకి పగిలిపోయింది. ఇనుములో మిగిలిన గంధకం, ఆక్సిజన్ దీనికి కొంత కారణం. గంధకం ఇనుముతో కలిసిన పదార్థం తొందరగా కరిగి, ఉక్కు రేణువుల మధ్య చేరి ఎర్రగా కాలినప్పుడు అతుకులు ఊడదీస్తుంది. రాబర్ట్ మషెట్ మాంగనీస్ ఉన్న ఇనుము కలిపి దారి చూపాడు. ఇనుము కంటే మాంగనీస్‌కి గంధకం మీదా, ఆక్సిజన్ మీదా మోజెక్కువ. రెండింటినీ తానే పట్టేసుకుంటుంది.

1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ ఇంకో అడుగు వేసి, ఉక్కులో వందకి పన్నెండు పాళ్లకి పైగా మాంగనీస్ కలిపాడు. వచ్చిన ఉక్కు విచిత్రమైనది. దెబ్బ తగిలే కొద్దీ దాని పైభాగం ఇంకా గట్టిపడుతుంది. రైలు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోట వేసే క్రాసింగులకి దాన్నే వాడతారు. హౌరా–చెన్నై లైను, రాయపూర్ లైను కలిసే విజయనగరం జంక్షన్లో నిలబడి వినండి. చక్రం క్రాసింగు మీద ఖణేల్‌మని పడినప్పుడల్లా ఆ ఉక్కు ఇంకొంచెం బిగుసుకుంటుంది.